కత్తిరించిన కవరు

తపాలా శాఖలో ఉద్యోగం దొరికిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. ప్రమోషను ఎన్నేళ్లకు వస్తుంది, బదిలీ తప్పించుకోవడం ఎట్లా అని అడుగుతారు. ఆ రెండింటిలోనూ నేను మొద్దునే. గుమాస్తాగా చేరి చిన్న ఆఫీసు పోస్ట్‌మాస్టరుగా దిగిపోయాను. మధ్యలో జరిగిన బదిలీలన్నీ నేను వద్దన్నవే. అందుకని వాళ్లకు టీ ఇచ్చి స్టాంపుల సంగతి ఎత్తుతాను. ముసలాయన తన పిచ్చి మొదలుపెట్టాడురా అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

పిచ్చి నిజమే. దేశదేశాల స్మారక స్టాంపులు, ఫస్ట్ డే కవర్లు పోగుచేయడం నాకు ఇరవై రెండో ఏట పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. అయితే నేను చెప్పాలనుకునేది దాని సరదా గురించి కాదు. ఆ పిచ్చిలో పడి ఒక ఇల్లాలికి నేను చేసిన అన్యాయం గురించి. టీ చల్లారేలోపు చెప్పి ముగించే సంగతి కాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

ప్రొద్దుటూరులో ముద్ర

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు ప్రొద్దుటూరులో చేరాను. పొద్దున్నే టపా సంచులు వచ్చేవి. లక్క సీలు పగలగొట్టి, సంచిని బల్ల మీద గుమ్మరించి, జాబులను వీధులవారీగా విడదీయాలి. వచ్చిన ప్రతి జాబు వెనక మా ఊరి ముద్ర, పోయే ప్రతి జాబుకు స్టాంపు మీద ముద్ర. సాయంత్రానికి కుడి భుజం నాది కాదనిపించేది. ఇంతోటి పనికి ఎస్సెల్సీ దాకా చదవాలా అని మా నాయన దగ్గర సణిగేవాణ్ణి.

మా పోస్ట్‌మాస్టరు గారు గోదావరి వైపు మనిషి. మా సీమ మాట మొరటని ఆయన అభిప్రాయం. ఆయన మాట మెత్తన, మనసు ఇనుము అని మా అభిప్రాయం. ముద్ర సరిగా పడకపోతే ఆ జాబు తెచ్చి నా ముందు పెట్టి, "చదవండి నాయనా, ఇది ఏ ఊరు?" అనేవారు. సిరా అలుక్కుపోయి నాకే కనిపించేది కాదు. "మీకే తెలియకపోతే అందుకున్నవాడికి ఎలా తెలుస్తుందండీ?" అని వెళ్లిపోయేవారు. గట్టిగా తిట్టినా బాగుండేదనిపించేది.

ప్రొద్దుటూరులో ఒక నూలు వ్యాపారికి ఫస్ట్ డే కవర్ల మీద మోజు. కొత్త స్టాంపు విడుదలైన రోజునే దాన్ని కవరు మీద అంటించి, ఆనాటి తేదీతో ముద్ర వేయిస్తే అది ఫస్ట్ డే కవరు. పెద్ద నగరాల్లో అది సులువు. మా ఊరికి కొత్త స్టాంపులు వచ్చేసరికి నాలుగైదు రోజులు దాటేవి. ఒకసారి ఆయన ఖరీదైన కవర్లు అచ్చు వేయించుకొని వచ్చాడు. స్టాంపులు రెండు రోజులు ఆలస్యంగా చేరాయి. ఆయన కౌంటరు మీద వాలి, నా చెవిలో చెప్పినట్టు అన్నాడు.

"ఏముందప్పా, ముద్రలో అంకె రెండు దినాలు ఎనక్కి తిప్పు. ఎవురు సూడొచ్చినారు?"

నాకూ ఏముందిలే అనిపించింది. ముద్రలో తేదీ అంకెలు మార్చడానికి చేయి కూడా పెట్టాను. వెనక నుంచి పోస్ట్‌మాస్టరు గారు వచ్చి ముద్ర నా చేతిలోంచి తీసుకున్నారు. వ్యాపారికి కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, కుదరదని చెప్పి పంపారు. తరువాత నాతో అన్నారు. "స్టాంపు కొనుక్కున్నవాడిది. ముద్ర అందరిదీనండీ. ఈ జాబు ఫలానా ఊళ్ళో, ఫలానా రోజు బయలుదేరిందని చెప్పడానికి లోకంలో ఇంకెవరూ లేరు, మనమే ఉన్నాం."

నేను తల ఊపాను. మనసులో మాత్రం, పిల్లలు లేని బడిలో పాఠం చెబుతున్నాడు ఈయన అనుకున్నాను. అర్థమైంది అనుకోవడానికీ అర్థం కావడానికీ మధ్య నాకు అయిదేళ్లు పట్టింది.

జమ్మలమడుగులో పిచ్చి ముదిరింది

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో నన్ను జమ్మలమడుగుకు వేశారు. అక్కడ మిషన్ బడిలో భూగోళం చెప్పే దేవదానం సార్ నాకు స్నేహితుడయ్యాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆయనకు ఏడెనిమిది దేశాల్లో కలం స్నేహితులు ఉండేవాళ్లు, అందరూ స్టాంపులు పోగుచేసేవాళ్లే. ఆయన ఇంటికి పోతే ముందు చేతులు కడుక్కోవాలి, తరువాతే కూర్చోవాలి. పట్టకారుతో తప్ప స్టాంపును తాకనిచ్చేవాడు కాదు.

మా ఇద్దరికీ ఒక్కచోట మాత్రం కుదిరేది కాదు. సార్ కవరును కవరుగానే దాచేవాడు. నేను స్టాంపు ఉన్న మూలను కత్తిరించి, పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టి, కాగితం ఊడదీసి, స్టాంపును ఆరబెట్టి ఆల్బంలో పెట్టేవాణ్ణి. ముద్ర ఎంత తక్కువ పడితే స్టాంపు అంత అందమని నా లెక్క.

"కవరు మీద ఉన్నప్పుడు అది యాడ నుంచి యాడికి నడిచిందో చెప్తాది నాయనా" అనేవాడు సార్. "నువ్వు నానబెట్టినాక అది ఉత్త బొమ్మ."

"కవర్లు దాచుకోవాలంటే నాకు మీలాగా మేడ ఉండల్ల సార్" అని నేను నవ్వేవాణ్ణి. ఆయనకూ మేడ లేదు, రెండు గదుల పెంకుటిల్లు. ఒక గది నిండా బిస్కెట్ల రేకు డబ్బాలే, వాటి నిండా కవర్లే.

పోస్టాఫీసులో ఉండేవాడికి ఈ పిచ్చి ఉంటే ఒక ప్రమాదం ఉంది. విదేశీ జాబు ఏది వచ్చినా మొదట మన చేతికే వస్తుంది. నేను ఏనాడూ అందించకముందు ఏ కవరునూ ముట్టలేదు, ఆ మాట ధైర్యంగా రాయగలను. అందుకున్నవాళ్లను అడిగి తీసుకునేవాణ్ణి. అడిగి తీసుకుంటే తప్పులేదని గట్టిగా నమ్మాను. ఇచ్చేవాళ్లకు తాము ఏమిస్తున్నారో తెలుసా అన్నది నాకు తట్టలేదు.

హుసేన్‌బీకి వచ్చే జాబులు

హుసేన్‌బీ బొంతలు కుట్టేది. ఆమె భర్త దస్తగిరి రాతి పనివాడు. నాపరాయి నున్నగా చెక్కడంలో మంచి చేయి అని చెప్పుకునేవాళ్లు. బొంబాయి నుంచి వచ్చిన ఒక కంట్రాక్టరు అతన్నీ ఇంకొందరినీ ఓడ ఎక్కించి ఆఫ్రికాకు, మొంబాసా రేవుకు తీసుకుపోయాడు. అక్కడి నుంచి రెండు మూడు నెలలకొక జాబు వచ్చేది. దస్తగిరికి చదువు రాదు, ఎవరి చేతనో రాయించేవాడు. హుసేన్‌బీకీ రాదు. ఆఫీసులో జనం పలచబడ్డాక వచ్చి కౌంటరు పక్కన నిలబడేది, నేను చదివి వినిపించేవాణ్ణి. జాబు హిందుస్తానీలో ఉండేది, రాసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. నేను తడుముకుంటూ చదువుతుంటే ఆమె నవ్వు ఆపుకునేది.

చదవడం అయ్యాక జాబు మడిచి కొంగున ముడి వేసుకునేది. కవరు నాకు వదిలేసేది. మొదటిసారి నేనే అడిగాను. ఆ తరువాత అడగనక్కర లేకపోయింది.

"నాకెందుకప్పా ఆ పైకాగితం? లోపలిది సాలు."

కంట్రాక్టరు విలాసానికి ఆమె తరఫున జవాబులు కూడా నేనే రాసేవాణ్ణి. ఇట్లా రెండేళ్లు గడిచింది. ఒక దసరా ముందు వచ్చిన జాబులో దస్తగిరి కొత్త సంగతి రాయించాడు. కంట్రాక్టరు దుకాణం ఎత్తేశాడు. తాను వేరే మేస్త్రీతో కలిసి రైలెక్కి చాలా దూరం, కొత్త ఊరికి వచ్చాడు. దగ్గు పట్టుకుంది గానీ భయం లేదు. పని నిలకడ అయ్యాక విలాసం రాయిస్తాడు. పాత విలాసానికి మాత్రం ఇక రాయవద్దు.

ఆ కవరు మీద స్టాంపు చూసి నా కళ్లు జిగేలుమన్నాయి. పెద్ద సరస్సులను కనుక్కొని నూరేళ్లు అయినందుకు వేసిన స్మారక స్టాంపు, దాని మీద సరస్సుల పటం. ముద్ర దాదాపు అంతా పక్కన కాగితం మీద పడింది, స్టాంపు మీద చిన్న వంపుగీత తప్ప మచ్చ లేదు. ఎంత మురిసిపోయానో! ఆ కవరును పది నిమిషాలు చేతిలో పట్టుకొని చూశాను. ముద్రలో ఉన్న ఊరి పేరు మాత్రం చదవలేదు.

ఆ సాయంత్రమే మూల కత్తిరించి నానబెట్టాను. మిగిలిన కవరు పొయ్యిలోకి పోయింది. వారం తరువాత ఆ స్టాంపు దేవదానం సార్‌కు ఇచ్చి, బదులుగా ఢిల్లీ ముద్ర ఉన్న ఒక ఫస్ట్ డే కవరు తెచ్చుకున్నాను. అది నేను ఏడాదిగా కన్నేసిన కవరు. "దీని కవరేది?" అని సార్ అడిగాడు. లేదన్నాను. ఆయన నాలుక చప్పరించాడు.

నేను ఆడిన అబద్ధం

ఆ తరువాత జాబు రాలేదు. మూడు నెలలు చూసి హుసేన్‌బీ నా దగ్గరకు వచ్చింది. వాళ్ల రజబ్ నెల మొదట్లో అనుకుంటాను, రంజానుకు ఇంకా రెండు నెలలు ఉంది, మంచి చలి రోజులు.

"ఏమప్పా, ఆయన యాడుండేదీ తెలుసుకునే దోవ ఏమన్నా ఉండాదా? దగ్గు అని రాయించినాడు గదా, నాకు మనసు మనసులో లేదు. మా తమ్ముడు చెప్తాండాడు, జాబు మింద పోస్టోళ్లు ఊరి పేరు గుద్దుతారంట. ఆ ఊరి పోస్టాఫీసుకు రాస్తే ఎతికిచ్చి చెప్తారంట. నిజమేనా?"

నిజమే. ముద్రలోని ఊరు తెలిస్తే అక్కడి పోస్ట్‌మాస్టరుకు రాయవచ్చు, మసీదుకు రాయవచ్చు, ఆసుపత్రికి రాయవచ్చు. ఊరు తెలియకపోతే ఎవరికి రాస్తాం? ఆ స్టాంపు మూడు దేశాలకు కలిపి వేసింది. కెన్యా, ఉగాండా, టాంగనీకా, మూడు పేర్లూ దాని మీద ఉంటాయి. ఏ దేశంలో అంటించారో చెప్పేది ముద్ర ఒక్కటే. రిజిస్టరు జాబు అయితే మా పుస్తకంలో రాసుకునేవాళ్లం. మామూలు జాబుకు ఎక్కడా ఏ గుర్తూ ఉండదు.

నా వెనక ఇద్దరు గుమాస్తాలు పని ఆపి వింటున్నారు. ఆ క్షణంలో నా నోట వచ్చిన మాట ఇది: "ఆ కవరు నువ్వే తీసుకపోయినావు గదమ్మా."

ఎందుకు అట్లా అన్నానో ఇన్నేళ్లలో చాలాసార్లు ఆలోచించాను. ఉద్యోగం పోతుందన్న భయం కాదు. ఆమె ఇష్టంగా ఇచ్చిన కవరది, ఎవరూ నన్నేమీ చేయలేరు. చదువుకున్నవాణ్ణి, ఆమె ముందు తెలివితక్కువవాణ్ణి కాలేకపోయాను, అంతే. అంత చిన్న కారణం.

ఆమె నన్ను అనుమానించలేదు. "అట్లనా? అయితే ఇంట్లోనే ఉండల్ల" అని గబగబా వెళ్లిపోయింది.

నెల రోజులకు, రంజానుకు పక్షం ముందు వచ్చే షబ్బరాత్ ఇంకా రాకముందే, మళ్లీ వచ్చింది. ఇల్లంతా వెతికానని చెప్పింది. ట్రంకు పెట్టె బోర్లించింది. కుట్టి ఇచ్చేసిన బొంతల్లో కాగితం ఏమన్నా పోయిందేమోనని, కొన్నవాళ్ల ఇళ్లకు పోయి అడిగిందట. ఇద్దరు ఇల్లాళ్లు బొంతల కుట్లు విప్పి చూడనిచ్చారట. నేను అప్పుడైనా చెప్పి ఉండవలసింది. ఇంకో చోట చూడమ్మా అన్నాను. బల్ల మీద జాబులు ఎదురుచూస్తున్నట్టు అటు తిరిగాను.

మూడోసారి రంజాను మొదటి వారంలో వచ్చింది. ఉపవాసంతో పెదవులు ఎండి ఉన్నాయి. ఈసారి ఏమీ అడగలేదు.

"నేనే పారేసినట్టుండానప్పా" అంది. "చదువు లేని మొద్దును, యాడనో పారేసింటా. నీకు ఊరికూరికే వచ్చి తొందరిచ్చినా. ఏమనుకోవాకు."

నా దగ్గరకు క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చింది ఆమె. ఆమె గడప దాటిపోయాక సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి, నేరుగా మిషన్ బడికి నడిచాను.

చెప్పిన తరువాత

దేవదానం సార్ తరగతి మధ్యలో బయటకు వచ్చి నా మాట అంతా విన్నాడు. కోప్పడలేదు. ఇంటికి తీసుకుపోయి ఆ స్టాంపు తీసి భూతద్దం కింద పెట్టాడు. వంపుగీత తప్ప ఏమీ లేదు.

"దీంతో ఏమీ కాదు" అన్నాడు. "నాకు నైరోబీలో ఒకాయన, కంపాలాలో ఒకాయన, దారెస్సలాంలో ఒకాయన కలం స్నేహితులు ఉండారు. స్టాంపుల సంగతి తప్ప ఏనాడూ ఇంగోటి రాసుకోలేదు. ఈ పొద్దే ముగ్గురికీ విమానం టపాలో రాస్తా. రాతి పనోళ్లను, మసీదులను, ఆసుపత్రులను అడిగి చూడమంటా. నువ్వు పొయ్యి ఆయమ్మకు చెప్పు."

"జవాబు వచ్చినాక చెప్తా సార్."

"జవాబుకూ దీనికీ ఏం సంబంధం? ఆయమ్మ ఇంగా ఎతుకుతాంటాది. పో."

హుసేన్‌బీ ఇంటి ముందు వేపచెట్టు నీడలో బొంత పరిచి కుడుతూ ఉంది. నన్ను చూసి, జాబు వచ్చిందేమోనని సూది వదిలేసి లేచింది. జాబు కాదని చెప్పాను. కవరు ఆమె తీసుకుపోలేదని, నా దగ్గరే ఉండిందని, స్టాంపు కోసం కత్తిరించి మిగతాది పొయ్యిలో వేశానని, మూడుసార్లు వచ్చినా దాచిపెట్టానని చెప్పాను. పోస్టాఫీసు చొక్కాతో నిలబడి ఇట్లాంటి మాట చెప్పడం కంటే కష్టమైన పని నా ఉద్యోగంలో నాకు మళ్లీ రాలేదు.

ఆమె తిడుతుందనుకున్నాను. ఆమె బొంత వైపు చూసి, "నేను పారేయలేదా?" అంది.

"లేదమ్మా."

"మా అత్త నన్ను రోజూ అంటాండాది అప్పా. మొగుని జాతకం చేతిలో పెడితే పొయ్యిలో ఏసుకున్న దానివి అని. నాకూ అట్లనే అనిపిచ్చి, తిండి లోపలికి పోవడం లేదు." ఆ తరువాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నాకు అర్థమైనంతలో ఆ ఏడుపులో నా మీద కోపం లేదు, తన తప్పు కాదన్న ఊరట ఉంది. ఆమె తిట్టి ఉంటే నేను తేలికపడేవాణ్ణి.

లోపలి నుంచి అత్త వచ్చింది. ఆమె దగ్గర కూడా ఇదంతా మళ్లీ చెప్పాను. ఆమె మాత్రం నాకు తగిన మాటలే అంది. "నీ బొమ్మల పిచ్చి తగలెయ్య, నా కొడుకు యాడుండాడో చెప్పే కాగితం నీ పొయ్యికి కావల్సొచ్చిందా?" అంది. ఇంకా అంది, అవి ఇక్కడ రాయను.

పులివెందుల

ఆ వారంలోనే నన్ను పులివెందులకు మార్చారు. శిక్ష కాదు, అంతకు ముందే వచ్చిన ఉత్తర్వు. పులివెందులలో ఆఫీసు చిన్నది, పని తక్కువ, ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక. రోజూ పొద్దున సంచి విప్పగానే ముందు సార్ దస్తూరీ కోసం వెతికేవాణ్ణి.

అక్కడే ఒక పద్ధతి మొదలుపెట్టాను. జాబు చదివి పెట్టమని ఎవరు వచ్చినా, లోపలి కాగితం విప్పకముందు కవరు మీది ముద్ర చదివి వినిపించేవాణ్ణి. ఇది ఫలానా ఊళ్ళో, ఫలానా రోజు వేశారు అని. జవాబు అందేదాకా కవరు పారేయవద్దని చెప్పేవాణ్ణి. మొదట్లో నవ్వారు. వచ్చిన ప్రతివాడికీ ఇది చెబితే కౌంటరు దగ్గర వరుస పెరుగుతుందని మా పోస్ట్‌మాస్టరు విసుక్కున్నాడు. ఆయన ఆరు నెలలకోసారి వచ్చే తనిఖీ కోసం బతికే మనిషి. పుస్తకాలు శుభ్రంగా ఉంటే చాలు, ముందు నిలబడ్డ మనిషి ముఖం చూడడు. అట్లాంటి అధికారులు మీకు చాలామంది తగులుతారు. వాళ్లతో గొడవ పడకండి, వాళ్లు చెప్పినట్టు వరుస మాత్రం తగ్గించకండి.

స్టాంపులు మానేశానని రాస్తే నాకు మంచి పేరు వచ్చేది. మానలేదు. నానబెట్టడం మానాను. కవర్లు కవర్లుగానే దాచాను, అవి కూడా ఇచ్చినవాళ్ల పేరు, ఊరు వెనక రాసిపెట్టి, ఎప్పుడు కావాలన్నా తిరిగి ఇచ్చేటట్టు. ఈ శాఖలో చేరే పిల్లలకు నా సలహా కావాలంటే ఇంతే: జనం మనకు వదిలేసి పోయేదాని విలువ వాళ్లకు తెలియకపోవచ్చు. మనకు జీతం ఇచ్చేది అది తెలిసి ఉండడానికే.

కంపాలా నుంచి

రంజాను పండుగ అయిన నాలుగో రోజు సార్ నుంచి జాబు వచ్చింది. నైరోబీ ఆయన, దారెస్సలాం ఆయన ఏమీ తెలియలేదని రాశారు. కంపాలా ఆయన నాలుగు పేజీలు రాశాడు. ఆ నాలుగు పేజీలూ సార్ నాకు పంపాడు. కింద తన మాట ఒకటే: "నువ్వే చదివి వినిపించాలి."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరాను. హుసేన్‌బీ, అత్త ఇద్దరూ ఇంట్లో ఉన్నారు. నేను గడపలో నిలబడగానే నా ముఖం చూసి అత్త కూలబడిపోయింది. హుసేన్‌బీ చాప వేసి, నీళ్లు తెచ్చి పెట్టి, "చదువప్పా, ఏమీ ఇడిసిపెట్టొద్దు" అంది.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యం తెలుగు చేసి చెప్పాను. ఆ పెద్దమనిషి అక్కడ రైల్వేలో గుమాస్తా. సార్ జాబు అందిన రోజు నుంచి సాయంత్రం పూట రాతి పనులు జరిగే చోట్లన్నీ తిరిగాడు. అయిదో రోజున ఒక పంజాబీ వడ్రంగి దొరికాడు. ఆ వడ్రంగి, దస్తగిరి ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద ఉండేవారట. దస్తగిరిది ఊపిరితిత్తుల జబ్బు, రాతి దుమ్ము వల్ల వచ్చిందని డాక్టర్లు చెప్పారట. రెండు నెలలకు పైగా మంచం మీదే ఉన్నాడు. ఆసుపత్రివాళ్లు అతని చీటీలో ఉన్న పాత కంట్రాక్టరు విలాసానికి రాశారు, జవాబు లేదు. వడ్రంగికీ చదువు రాదు.

ఇంటికి రాయించకూడదా అని ఆ వడ్రంగి అడిగేవాడట. దానికి దస్తగిరి అన్న మాట ఆ పెద్దమనిషి హిందుస్తానీలోనే రాసి పెట్టాడు. 'రాయించినాను. విలాసం పంపలేదు గానీ కవరు మీద ఈ ఊరి ముద్ర ఉంటుంది. మా ఊరి పోస్టాఫీసులో చదువుకున్న మనిషి ఉన్నాడు, చూసి చెబుతాడు. ఈ పొద్దో రేపో జాబు వస్తుంది.' టపా వచ్చే వేళకు రోజూ మంచం మీద లేచి కూర్చునేవాడట.

అక్కడ నేను ఆగిపోతే హుసేన్‌బీ, "చదువు" అంది. చదివాను. మిగిలింది కొంచెమే. మసీదువాళ్లు కడిగి, నమాజు చేసి, మట్టి చేశారు. సమాధి దగ్గర పేరు రాసిన పలక పెట్టారు. ఆ పెద్దమనిషి అక్కడికి పోయి వచ్చాడు.

అత్త గోడకు తల ఆనించి ఏడుస్తూ ఉంది. హుసేన్‌బీ ఏడవలేదు. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది.

"ఏ దినం పోయినాడు?"

జాబులో ఉన్న ఇంగ్లీషు తేదీ చెప్పాను. ఆమెకు అది తెలియదు. "మా నెలల్లో చెప్పప్పా" అంది.

"షబ్బరాత్‌కు మూడు దినాలు ముందు."

"సార్ రాసినాక ఎన్ని దినాలకు ఆయన జాడ దొరికింది?"

"మన జాబు పోయేదానికి పది దినాలు. ఎతికేదానికి అయిదు."

ఆమె మళ్లీ వేళ్లు ముడిచి, విప్పి, చేతులు ఒడిలో పెట్టుకుంది. గొంతులో కోపం లేదు. ఒక సంగతి సరిగా తెలుసుకోవాలనుకునే మనిషి గొంతు.

"రజబ్‌లో ఒగమాటు వచ్చినా. షబ్బరాత్‌కు ముందర ఇంగోమాటు వచ్చినా. నేను నీ కౌంటరు కాడ నిలబడుకోని అడిగిన రెండుమాట్లూ, ఆయన ఆడ మంచం మింద కూసోని జాబు కోసరం సూస్తాండాడు. అంతేనా అప్పా?"

"అంతేనమ్మా" అన్నాను.